ముందు పేరు, తర్వాత స్కానింగ్: ఇంటి పాత ఫోటోలను, ఊరి చరిత్రను కాపాడుకునే పద్ధతి

మా ఇంట్లో ఒక పెళ్లి గ్రూపు ఫోటో ఉంది. పచ్చని పందిరి కింద మూడు వరుసల్లో ముప్పై మంది దాకా ఉంటారు. నడిమి వరుసలో ఎడమ నుంచి నాలుగో మనిషికి మాత్రం తల ఉండదు, ఆ చోట రూపాయి బిళ్లంత రంధ్రం ఉంటుంది. ఆయన మా తాత. ఆయన చనిపోయినప్పుడు దశదినకర్మకు పటం కట్టించడానికి వేరే ఫోటో దొరకక, ఎవరో కత్తెరతో ముఖం వరకు కత్తిరించి పట్నం తీసుకుపోయి పెద్దది చేయించారు. ఆ పటం గోడ చెమ్మకు పాడైపోయింది, కత్తిరించిన ముక్క తిరిగి రాలేదు. మిగిలిన ఇరవై తొమ్మిది మందిలో పదకొండు మంది పేర్లు చెప్పగలిగే చివరి మనిషి మా నాయినమ్మ. ఆమె కూడా పోయిన తర్వాత, అదే ఫోటోను నేను మంచి యంత్రం మీద అతి స్పష్టంగా స్కాన్ చేయించాను. ఇప్పుడు ఆ ముఖాల మీది ముడతలు కూడా లెక్కపెట్టవచ్చు గాని, వాళ్లు ఎవరో చెప్పేవాళ్లు లేరు.

అందుకే ఈ పని మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పే వరుస కొంచెం తిరగేసినట్టుగా ఉంటుంది. చాలామంది ముందు స్కానర్ కోసం వెతుకుతారు, పేర్ల సంగతి తీరిక దొరికినప్పుడు చూసుకోవచ్చనుకుంటారు. కాగితం ఇంకో పదేళ్లు ఆగుతుంది, ఎనభై ఐదేళ్ల మనిషి జ్ఞాపకం ఆగదు. కాబట్టి మొదటి నెలంతా ఫోటోల కోసం కాకుండా మనుషుల కోసం పెట్టుకోవాలి.

పెద్దవాళ్ల దగ్గర కూర్చోవడం

పెద్దల దగ్గరికి అసలు ఫోటోను నేరుగా తీసుకుపోవద్దు. దాన్ని ఫోనుతో తీసి, జిరాక్స్ షాపులో ఏ4 కాగితం నిండా పెద్దగా ప్రింటు తీయించండి. చూపు మందగించిన వాళ్లకు చిన్న ఫోటోలో ముఖాలు ఆనవు, పైగా చేతుల చెమట అసలు ఫోటోకు అంటదు. ఆ ప్రింటు మీద ఒక్కొక్క తల పక్కన ఎర్ర పెన్నుతో అంకె వేయండి. నోట్‌బుక్‌లో అదే అంకె ఎదురుగా పేరు, ఇంటిపేరు, ఎవరికి ఏమవుతారు, ఏ ఊరు, ఇప్పుడు ఉన్నారా లేరా అన్నవి రాసుకోండి. ఆడవాళ్ల విషయంలో పుట్టింటి పేరు, ఊరు తప్పకుండా అడగండి. పెండ్లయిన తర్వాత వాళ్లను ఊరి పేరుతోనో పిల్లల పేరుతోనో పిలవడం అలవాటు కాబట్టి, రెండు తరాలు దాటితే వాళ్ల అసలు పేర్లే ముందు మాయమవుతాయి.

ఫోను రికార్డర్‌ను ఆన్ చేస్తున్నట్టు చెప్పి, వాళ్లు ఒప్పుకున్న తర్వాతే ఆన్ చేసి పక్కన పెట్టండి. “ఇది ఏ సంవత్సరం?” అని అడిగితే చాలామంది మౌనంగా ఉండిపోతారు. “అప్పటికి నువ్వు ఇల్లు కట్టుకున్నవా? పెద్దోడు పుట్టిండా?” అని అడిగితే లెక్క దానంతట అదే వస్తుంది. మన వరంగల్ వైపు పెద్దలకు కాలం అంకెల్లో కాక సంఘటనల్లో ఉంటుంది: రజాకార్ల గడబిడ అంటే 1947-48, పోలీస్ యాక్షన్ అంటే 1948 సెప్టెంబరు, తెలంగాణ లొల్లి అంటే చాలావరకు 1969, గోదారి పెద్దగా వచ్చిన ఏడు అంటే ఏటూరునాగారం, మంగపేట వైపు 1986 ఆగస్టు. పరకాలలో జెండా ఎగరేయబోయిన జనం మీద కాల్పులు జరిగినది 1947 సెప్టెంబరు 2న, ఆ చుట్టుపక్కల ఊళ్లలో “పరకాల కాల్పులకు ముందా, తర్వాతా?” అన్న ఒక్క ప్రశ్నతో చాలా ఫోటోల కాలం తేలుతుంది. మేడారం జాతర రెండేళ్లకొకసారి వస్తుంది కాబట్టి, “ఆ జాతరకు పోయివచ్చినంక తీయించినం” అన్న మాట కూడా పనికివస్తుంది.

వాళ్ల మాటను రాసేటప్పుడు పుస్తకాల భాషలోకి మార్చవద్దు. ఒకసారి ఒక పెద్దామెకు మూలన నిలబడ్డ యువకుడిని చూపించి ఎవరని అడిగితే, “గీడు మా అన్న కొడుకు బిడ్డా, బీవండి పోయిండు, మల్ల రాలే” అని చెప్పి చాలాసేపు ఆ కాగితం మీదనే వేలు పెట్టుకుని కూర్చున్నది. దాన్ని “ఉపాధి కోసం వలస వెళ్లెను” అని రాసి ఉంటే నేత పని కోసం భీవండికి, షోలాపూర్‌కు, సూరత్‌కు పోయిన మనుషుల కథ అందులో మిగిలేది కాదు. ఇద్దరు పెద్దలు ఒకే ముఖానికి రెండు పేర్లు చెబితే రెండూ రాసి, ఎవరు ఏది చెప్పారో పక్కన గుర్తు పెట్టండి, తీర్పు ఇవ్వవద్దు. మూడో మనిషి వచ్చి రెండూ తప్పని చెప్పిన సందర్భాలు నాకు ఒకటి కంటే ఎక్కువే ఉన్నాయి.

వెనక వైపు చదవడం

ఫోటో ముందు భాగం ఎంత చెబుతుందో వెనక భాగం అంత చెబుతుంది, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువే. స్టూడియో ముద్ర ఉర్దూలో ఉంటే అది చాలావరకు నిజాం కాలానిదో, ఆ తర్వాతి కొద్దికాలానిదో అయి ఉంటుంది. ఉర్దూ మీడియంలో చదివిన పెద్దలు మన పట్టణాల్లో ఇంకా కొందరు ఉన్నారు, వాళ్లకు చూపించండి. ముద్రలో పిన్‌కోడ్ ఉంటే ఆ ముద్ర 1972 ఆగస్టు 15 తర్వాతిదే, ఎందుకంటే దేశంలో పిన్‌కోడ్ మొదలైనదే ఆ రోజున. పెండ్లి ఫోటోలో స్కూటర్ నంబరు వరంగల్ జిల్లా గుర్తు ఏపీ 36తో మొదలైతే అది 1989కి ముందుది కాదు, ఆ రకం నంబర్లు మొదలైనవే అప్పుడు. తల మీద రూమీ టోపీ (కుచ్చు వేలాడే టోపీ), ఒంటి మీద షేర్వాణీ ఉన్న ఉద్యోగి కనిపిస్తే 1948కి ముందుదని ఊహించవచ్చు గాని, అది ఊహ మాత్రమే. ఆ బట్టలను స్టూడియో వాళ్లే తొడిగించి తీసిన సందర్భాలూ ఉంటాయి.

తేదీ ఫసలీలో, అంటే నిజాం సర్కారు వాడిన ఏళ్ల లెక్కలో ఉంటే, ఆ ఏడాది అంకెకు 590 కలపాలి. హైదరాబాద్ రాజ్యంలో ఫసలీ ఏడాది అక్టోబరు మొదటి వారంలో మొదలయ్యేది కాబట్టి 1357 ఫసలీ అంటే 1947 అక్టోబరు నుంచి 1948 అక్టోబరు దాకా నడిచిన ఏడాది. ఆజూర్, బహమన్, ఖుర్దాద్ వంటి నెలల పేర్లు కనిపిస్తే అది ఫసలీ లెక్కేనని గుర్తు. తెలుగు సంవత్సరం పేరు ఉంటే అది అరవై ఏళ్లకొకసారి తిరిగి వస్తుందని మరవకూడదు: సర్వధారి అన్న మాట 1948-49 కావచ్చు, 2008-09 కావచ్చు, కాగితాన్ని చూస్తే ఆ రెండింటి తేడా ఇట్టే తెలుస్తుంది.

మీరు కొత్తగా రాయదలచుకుంటే ఫోటో వెనక బాల్‌పెన్నుతో రాయవద్దు. దాని ఒత్తిడికి ముందు వైపు ముఖం మీద గీత తేలుతుంది, సిరా కూడా కాలక్రమేణా ఊరుతుంది. మెత్తటి 2బీ పెన్సిల్‌తో అంచు దగ్గర తేలికగా ఒక సంఖ్య మాత్రం వేసి, మిగతా వివరమంతా నోట్‌బుక్‌లో ఉంచండి. 1980ల తర్వాతి నున్నటి కలర్ ప్రింట్ల వెనక పెన్సిల్ పడదు. వాటిని కాగితపు కవరులో పెట్టి, ఫోటో లోపల పెట్టకముందే కవరు మీద రాయాలి.

గోడ మీది పటం

గోడ మీది పటం అన్నిటికంటే ముందు పోతుంది. గూనపెంకుల ఇంట్లో మట్టి గోడకు ఆనించి వేలాడదీసిన పటానికి వెనక అట్ట వానకాలంలో చెమ్మ పీలుస్తుంది, దాని వెంట చెదలు వస్తాయి. ముందు వైపు అద్దం మీద పెట్టిన కుంకుమ బొట్టు, అగరబత్తి మసి, ఎండిన దండ రాల్చిన పుప్పొడి కలిసి ఫ్రేము సందుల్లోంచి లోపలికి దిగుతాయి. నలుపు తెలుపు ఫోటో పై పొర జిలాటిన్; తడి తగిలితే అది ఉబ్బి జిగురులా మారి అద్దానికి అతుక్కుంటుంది.

ఈ అతుక్కోవడం గురించి నా సొంత తప్పు చెప్పాలి. మా మేనత్త పెండ్లి పటాన్ని విప్పి, అద్దానికి ఒక మూల పట్టుకుని ఉన్న ఫోటోను, నెమ్మదిగానే లాగుతున్నాననుకుంటూ లాగాను. కాగితం నా చేతికి వచ్చింది, ముఖం అద్దం మీదనే ఉండిపోయింది. అప్పటి నుంచి నా నియమం ఒక్కటే: అతుక్కున్న ఫోటోను ఇంట్లో విడదీయకూడదు. అద్దంతో సహా నీడలో బల్ల మీద పెట్టి, అద్దం పై భాగాన్ని పొడి బట్టతో తుడిచి, ఎదురుగా నల్లటి దుప్పటి వేలాడదీసి ప్రతిబింబం పడకుండా కెమెరాతో తీసుకోవాలి. ఆ ఫోటో మీకు చాలా విలువైనదైతే హైదరాబాద్‌లో సాలార్‌జంగ్ మ్యూజియం కన్జర్వేషన్ ల్యాబ్ వంటి చోట ఈ పని తెలిసినవాళ్లను సలహా అడగండి.

అతుక్కోని పటాలను మాత్రం విప్పవచ్చు. వెనక మేకులు ఊడదీసి, అట్ట తొలగించి, ఫోటోను మెత్తటి పొడి బ్రష్‌తో ఒకే దిశలో దులపండి. తడి గుడ్డ, రబ్బరు, కొలిన్ వంటి ద్రవాలు దగ్గరికి రానివ్వవద్దు. అసలును పెట్టెలో దాచి, మంచి ప్రింటు తీయించి అదే ఫ్రేములో కట్టించి గోడకు పెట్టండి; పూజ, దండ, బొట్టు దానికి చేసుకోవచ్చు. ఇంట్లో పెద్దవాళ్లు మొదట ఒప్పుకోరు, “అసలు మనిషి పెట్టెల ఉంటే గోడ మీద ఎవడున్నట్టు?” అంటారు. ఓపికగా నచ్చజెప్పాల్సిందే.

ఆల్బంలలో అన్నిటికంటే ప్రమాదకరమైనవి, పారదర్శకపు పొర లేపి ఫోటోను జిగురు పేజీకి అంటించే రకానివి. ఇవి 1980, 90లలో ప్రతి పెండ్లికీ వచ్చాయి. ఆ జిగురు పసుపు పచ్చగా మారి ఫోటో వెనక భాగంలోకి ఇంకుతుంది. పళ్ల సందుల్లో వాడే సన్నని దారాన్ని ఫోటో కిందికి పోనిచ్చి రంపంలా అటూ ఇటూ కదిపితే చాలావరకు ఊడివస్తాయి; రాకపోతే పేజీతో సహా స్కాన్ చేసి వదిలేయండి. ఇక లామినేషన్ విషయం: ఒకసారి వేడి ప్లాస్టిక్‌లో మూసిన ఫోటోను మళ్లీ బయటికి తీసే దారి లేదు, కాబట్టి ఎవరు చెప్పినా చేయించవద్దు.

పెట్టె, చోటు

ఖరీదైన సామగ్రి లేకుండానే చాలా చేయవచ్చు. ఫోటోల మధ్య పెట్టడానికి ఆమ్ల రహిత కాగితం దొరికితే మంచిది; న్యూస్‌పేపర్ మాత్రం వద్దు, దాని ఆమ్లం ఫోటోకు ఎక్కుతుంది. ప్లాస్టిక్ కవర్లు కొనేటప్పుడు ఘాటైన వాసన వచ్చే పీవీసీ రకాన్ని వదిలి, పాలీప్రొపిలీన్ లేదా పాలియెస్టర్ అని రాసినవి తీసుకోండి. పాత సందూకనో రేకు ట్రంకు పెట్టెనో వాడుకోవచ్చు, లోపల తుప్పు లేకుంటే చాలు. పెట్టెను నేల మీద పెడితే చెద, వరద. అటక మీద పెడితే మే నెల ఎండకు పెంకుల కింద వేడి. నడి అర్రలో, బయటి గోడకు తగలకుండా, నేలకు రెండడుగుల ఎత్తున ఉంచడం అన్నిటికంటే మేలు.

కలరా ఉండలు వేయడం మన ఇండ్లలో అలవాటు, కాని వాటి ఆవిరి ఫోటోలకు మంచిది కాదు. వేపాకు వేసేవాళ్లు దాన్ని బట్ట సంచిలో కట్టి పెట్టె మూలన ఉంచాలే గాని ఫోటోల మధ్య పరచకూడదు. ఆకు రసం మరక పోదు. వానకాలంలో సిలికా జెల్ పొట్లాలు రెండు మూడు వేసి, నెలకొకసారి పెట్టె తెరిచి చూడండి. నెగెటివ్‌లను విడిగా ఉంచండి. వాటిలో సిర్కా (వెనిగర్) వాసన వస్తున్నవి ఉంటే అవి క్షీణిస్తున్నాయని అర్థం, పక్కనున్న వాటిని కూడా పాడుచేస్తాయి కాబట్టి వెంటనే వేరుచేసి ముందుగా వాటినే స్కాన్ చేయించాలి.

స్కానింగ్

పై నుంచి మూత వేసే ఫ్లాట్‌బెడ్ స్కానర్ మీదనే స్కాన్ చేయాలి. కాగితాన్ని లోపలికి లాక్కునే రకం యంత్రంలో పాత ఫోటోను ఎప్పుడూ పెట్టవద్దు, ముడత పడితే ఇక అంతే. మామూలు ఫోటోకు 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు), పాస్‌పోర్టు సైజు చిన్న ఫోటోకు 1200 డీపీఐ సరిపోతుంది. నలుపు తెలుపు ఫోటోను కూడా కలర్‌లోనే స్కాన్ చేయండి, ఎందుకంటే దాని గోధుమ ఛాయ, మరకలు, చేతితో అద్దిన రంగులు అన్నీ అందులో వస్తాయి. 4x6 అంగుళాల ఫోటో 600 డీపీఐలో 2400x3600 పిక్సెళ్లు అవుతుంది, నాణ్యత తగ్గించకుండా దాచే టిఫ్ ఫైలు రూపంలో దాదాపు 26 ఎంబీ తూగుతుంది. అంటే వెయ్యి ఫోటోలకు 26 జీబీ. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలో ఇది పట్టదు. కాబట్టి టిఫ్‌లను రెండు హార్డ్ డిస్కుల్లో ఉంచి, వాటిలో ఒకటి వేరే ఊళ్లో ఉన్న తమ్ముడింట్లోనో చెల్లెలింట్లోనో పెట్టి, చిన్నవైన జేపెగ్‌లను ఆన్‌లైన్‌లో దాచుకోవచ్చు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో నాణ్యత తగ్గుతుంది, డాక్యుమెంట్‌గా పంపాలి.

స్కానర్ లేకపోతే ఫోను చాలు. ఉదయం పూట అరుగు మీద నీడలో, తెల్లని బట్ట పరచి, ఫ్లాష్ లేకుండా, ఫోనును ఫోటోకు సమాంతరంగా పట్టుకుని తీయండి. ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి: మసక ముఖాలను స్పష్టం చేసే కొత్త యాప్‌లు లేని కళ్లను, లేని పెదవులను తామే కల్పించి అతికిస్తాయి. సరదాకు చేసుకుంటే చేసుకోండి గాని, ఆ కాపీ పేరులోనే “మార్చినది” అని రాసి విడిగా పెట్టండి. అది మీ తాత ముఖం కాదు.

తడిసినప్పుడు

2023 జూలై 27న మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లాలోని మోరంచపల్లి మునిగినప్పుడు మనుషులు ఇండ్ల మీదికి ఎక్కి ప్రాణాలు కాపాడుకోవలసి వచ్చింది. అటువంటి రోజున ఫోటోల మాట ఎవరికీ గుర్తుండదు. నీరు తీసిన తర్వాతి రెండు రోజులు మాత్రం కీలకం, ఎందుకంటే బూజు మొదలయ్యేది దాదాపు ఆ సమయంలోనే. ఒకదానికొకటి అంటుకున్న తడి ఫోటోలను అలాగే ఎండనివ్వకూడదు, ఎండితే ఇక ఊడవు. శుభ్రమైన చల్లని నీళ్ల పళ్లెంలో ఉంచి, వాటంతట అవి విడివడేదాకా ఆగి, బొమ్మ ఉన్న వైపును వేలితో రుద్దకుండా బురద కడిగి, నీడలో బట్ట మీద బొమ్మ పైకి ఉండేలా ఆరబెట్టండి. అప్పటికప్పుడు చేయడానికి వీలు లేకపోతే ప్లాస్టిక్ కవరులో చుట్టి ఫ్రీజర్‌లో పెడితే తీరిక దొరికేదాకా ఆగుతాయి.

ఇంటి నుంచి ఊరికి

పది ఇండ్ల ఫోటోలు చేరిన తర్వాత ఒక సంగతి బయటపడుతుంది: ఊరి చరిత్ర అందరి ఇండ్లలో సమానంగా లేదు. దొర గడీలో, పట్వారీ ఇంట్లో 1930ల నాటి పటాలు ఉంటాయి. కూలి చేసుకుని బతికిన ఇండ్లలో చాలామంది ఆడవాళ్లకు మొదటి ఫోటో ఓటరు గుర్తింపు కార్డుదే, ఆ కార్డులు వచ్చిందే 1993 తర్వాత. కాబట్టి “మా దగ్గర ఏం లేవు బిడ్డా” అన్న ఇంట్లో పాత రేషన్ కార్డు, ఓటరు కార్డు, బ్యాంకు పాసుబుక్కు, వరంగల్‌లో 1934లో మొదలైన ఆజంజాహి బట్టల మిల్లు కార్మికుడి కార్డు, సింగరేణి గుర్తింపు కార్డు ఉన్నాయేమో అడగండి. వాటిని కూడా స్కాన్ చేయాలి, అయితే నంబర్లు కనిపించే భాగాన్ని కప్పిన కాపీనే బయట పెట్టాలి.

కొన్ని ఇండ్లలో ఫోటో లేకపోవడానికే ఒక కారణం ఉంటుంది. మా వైపు, కొడుకు అడవిలోకి పోయిన తర్వాత సోదాలకు భయపడి అతని ఫోటోలన్నీ పొయ్యిలో వేసిన తల్లుల గురించి నేను విన్నాను. అటువంటి మాటను వాళ్లు చెబితేనే వినండి, రాయమంటేనే రాయండి, పేరు వద్దంటే వదిలేయండి.

ఫోటోలకు తోడుగా నిలిచే కాగితాలు కూడా ఉన్నాయి. 1954-55 ఖాస్రా పహాణీలో భూమి ఎవరి కబ్జాలో ఉన్నదో కనిపిస్తుంది; జనాభా లెక్కల జిల్లా హ్యాండ్‌బుక్కుల్లో ఊరివారీ వివరాలు ఉంటాయి; నిజాం కాలపు దస్త్రాల కోసం హైదరాబాద్ తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌కు పోవాలి. హనుమకొండలో 1904 నుంచి నడుస్తున్న రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం ఉంది, 1976లో ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయం ఉంది. ఈ పని మీద పోయేవాళ్లు రెంటినీ చూసుకోవచ్చు. వెతికేటప్పుడు జిల్లా పేరు విషయంలో జాగ్రత్తపడండి: 2016 అక్టోబరులో ఉమ్మడి వరంగల్ ముక్కలైంది, వరంగల్ అర్బన్ 2021లో హనుమకొండ అయింది, పాత కాగితాల్లో మీ ఊరు వేరే తాలూకా కింద ఉంటుంది. ఇంటివాళ్లు ఒప్పుకున్న ఫోటోలను వికీమీడియా కామన్స్‌లో పెట్టి, తెలుగు వికీపీడియాలో మీ ఊరి పేజీకి జతచేయవచ్చు.

అరువు తెచ్చిన ఫోటోలను అదే వారంలో తిరిగి ఇచ్చేయండి. ఇచ్చేటప్పుడు ఒక ప్రింటు కూడా చేతిలో పెడితే తర్వాతి ఇల్లు మీకోసం తానే తలుపు తీస్తుంది. దసరాకు, సద్దుల బతుకమ్మకు బతకపోయిన వాళ్లంతా ఊరికి వస్తారు కాబట్టి, ఆ రెండు రోజులు బడిలోనో గ్రామ పంచాయతీ వరండాలోనో పెద్ద ప్రింట్లు తాడుకు క్లిప్పులతో వేలాడదీయండి. ఒక్కొక్కదాని కింద తెలియని ముఖాల అంకెలు వేసి, ఎదురుగా ఖాళీ గీతలు వదిలిన కాగితం అంటించి, దారానికి ఒక పెన్సిల్ కట్టి ఉంచండి. చీకటి పడే వేళకు ఆ కాగితాలను ఊడదీసి, పిల్లలు సరదాకు గీసినవి ఉంటే పక్కన పెట్టి, మిగతా పేర్లను ఎవరు రాశారో కనుక్కుని నోట్‌బుక్‌లోకి ఎక్కించుకోండి.